మహమ్మదీయులంటే ఎవరండీ?

ఫలానా ఊళ్ళో జనం ముస్లింల గురించి ఇలా అనుకుంటున్నారు, ఫలానా జిల్లాలో అలా అనుకుంటున్నారు అని ఈమధ్య పత్రికల్లో అప్పుడప్పుడు వస్తోంది. అది చదివి నిట్టూర్చేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, సంబరపడేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ముందు వేరే సందేహాలు పుడతాయి. అడిగినవాళ్ళెవరు? ఎక్కడ కూచుని అడిగారు? ఏ మాటతో అడిగారు? జవాబు చెప్పిన ఇల్లాలు ఆ సమయానికి పొయ్యిమీద ఏం పడేసి వచ్చింది? ఇవేవీ చెప్పకుండా జనం మనసు మాకు తెలిసిపోయిందంటే నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బని మావారి అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో అది జబ్బు కాదు, అనుభవం. ముప్పయ్యవ దశకంలో నేనే ఒక కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగాను.

అప్పటికి నేను మద్రాసులో బి.ఏ. పూర్తిచేసి ఏలూరుకి కాపురానికి వచ్చాను. ఊళ్ళో కొందరు పెద్దలు ఒక సంఘంగా ఏర్పడి, కొల్లేటి లంక ఒకదాంట్లో ఆడపిల్లలకి చిన్న బడి నడుపుతుండేవారు. దానికి అధ్యక్షులు ఒక పెద్ద ప్లీడరుగారు. మెత్తని మనిషి, మెత్తగానే పట్టిన పట్టు వదలని మనిషి. నన్ను ఆ సంఘానికి కార్యదర్శిని చేసింది నా చదువు చూసి కాదు. సభల్లో వెనక వరసలో కూచుని ప్రశ్నలు వేస్తున్నానని, ముందు కూచోబెడితే ఊరుకుంటానని. ఊరుకోలేదు.

బడికి పిల్లలు సరిగా వచ్చేవారు కాదు. అక్షరాలతో పాటు కుట్టుపని కూడా నేర్పితే పంపిస్తామని లంకలో తల్లులు కబురు చేశారు. కుట్టు నేర్పడానికి లంకలో కాపురముండే మనిషి కావాలి. ఏలూరు నుంచి అక్కడికి పడవలోనే పోవాలి, వానాకాలం చుట్టూ నీళ్ళు. వెళ్ళేవాళ్ళెవరూ దొరకలేదు. అప్పుడు నాకు దర్జీ సాయిబుగారి అమ్మాయి గుర్తొచ్చింది.

తాడేపల్లిగూడెం మా పుట్టిల్లు. అక్కడ స్టేషనుకి వెళ్ళే దారిలో సాయిబు బాబాయి కొట్టు ఉండేది. మా అమ్మ రవికలు, నా పరికిణీలు, మా వీధివీధంతటి బట్టలు ఆయన మిషను కిందనుంచి వచ్చినవే. ఆయన మమ్మల్నెవర్నీ టేపు పెట్టి కొలిచి ఎరగడు. కొత్త గుడ్డతో పాటు కొలతకి పాత రవిక ఒకటి పంపేవాళ్ళం, దాన్నే ఆది అనేవాళ్ళం. దాన్ని వేళ్ళతో ఒకసారి తడిమి, "ఆది బిగువైపోయిందమ్మాయిగారూ, రెండు వేళ్ళు వదిలి కుడతాను" అనేవాడు. నేను ఎదిగిన సంగతి మా అమ్మకంటే ముందు ఆయనకే తెలిసేది.

ఆ వేళ్ళకి అప్పటికి పని పోయింది. కళ్ళకి పొర కమ్మింది. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. కొడుకు రంగూన్‌లో ఉన్నాడు, వచ్చేయమని రాస్తున్నాడు. కూతురు పెళ్ళయిన కొద్దికాలానికే భర్తని పోగొట్టుకుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చింది. కుట్టులో సర్కారు పరీక్ష ప్యాసయింది. ఆ అమ్మాయికి ఉద్యోగం దొరికితే ఇద్దరూ ఈ దేశంలో ఉంటారు. దొరక్కపోతే వానలు తగ్గగానే ఓడ ఎక్కాలి.

నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు సాయిబు బాబాయి ఒకటే మాట అన్నాడు. "ఓడెక్కడం ఎంతసేపమ్మాయిగారూ, ఎవరో ఒకరు ఎక్కిస్తారు. దిగాక అది ఏ ఊరో నాకు ఎలా తెలుస్తుంది? ఇక్కడయితే గొంతు వింటే ఇల్లు తెలుస్తుంది."

ఏలూరు వెళ్ళి ప్లీడరుగారికి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "నాకేమీ అభ్యంతరం లేదమ్మా. కానీ జనాభిప్రాయం ఎలా ఉంటుందో" అన్నారు.

"పిలిపించి పనిలో పెడితే తెలుస్తుందండీ."

"అలా కాదు. శాస్త్రీయంగా తెలుసుకుందాం. పై దేశాల్లో ఇప్పుడు ఏ పని చెయ్యాలన్నా ముందు ప్రశ్నలు రాసుకుని జనాన్ని అడుగుతున్నారట."

ఆయనే రాశారు ప్రశ్నలు. మొదటిది, "మహమ్మదీయుల యెడల తమ యభిప్రాయ మెట్టిది?" రెండోది, "మహమ్మదీయ స్త్రీని ఉపాధ్యాయినిగా నియమించుట తమకు సమ్మతమా?" ఎదురుగా రెండు గళ్ళు: సమ్మతము, అసమ్మతము. మొదటి ప్రశ్న ఎందుకండీ, వంకాయ కూర మీద అభిప్రాయం అడిగినట్టు మనుషుల మీద అడుగుతామా అని వాదించాను. ఆయన నవ్వి, ఆ ప్రశ్న అలాగే ఉంచారు.

సంఘానికి చందాలిచ్చే ఏలూరు కుటుంబాలను ముందు అడగాలన్నారు. ప్లీడర్ల ఇళ్ళు, డాక్టరుగారి ఇల్లు, తాసిల్దారు కచేరీలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు అన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ పీట వేసి, కాఫీ ఇచ్చి, నేను కాగితం చదవడం పూర్తికాకముందే జవాబు చెప్పేవారు.

"మాకేం అభ్యంతరం ఉంటుందండీ. మేం అలాంటివి పట్టించుకోం. పక్కింటివాళ్ళే కాస్త పాతకాలం మనుషులు, ఏమంటారో మరి."

పక్కింటికి వెళ్ళాను. పక్కింటావిడ కూడా కాఫీ ఇచ్చింది.

"మాకు పట్టింపుల్లేవండీ. ఇప్పుడు మీరు వచ్చారే, ఆ ఇంటివాళ్ళతోనే చిక్కు."

ఆ వీధి చివరిదాకా అంతే. ప్రతివాళ్ళకీ సమ్మతమే, ప్రతివాళ్ళ పక్కింటివాళ్ళకీ అసమ్మతమే. ప్లీడరుగారి కాగితంలో పక్కింటివాళ్ళకి గడి లేదు కనక, అన్నీ సమ్మతాలే పడ్డాయి, సంతకాలతో సహా. ఒక పెద్దావిడయితే, "ఇంత ఎండలో మీరు మా గుమ్మం తొక్కాక కాదంటానా, రాసుకోండి" అని సంతకం పెట్టి, నేను లేవబోతుంటే, "ఇంతకీ ఏం అడిగారండీ?" అంది.

మా వైపు మర్యాద అలాంటిది. ఎదురుగా కూచున్న మనిషికి కాదని చెప్పడం మావాళ్ళకి చేతకాదు. "అలాగేనండీ" అంటారు. దానికి సరే అనీ అర్థం, విన్నాననీ అర్థం, ఇంక మీరు బయల్దేరితే నేను వంట చూసుకుంటాననీ అర్థం. అది తెలిసీ నేను ఆ సమ్మతాలను పోగుచేసుకుని, మర్నాడు పడవెక్కాను.

ఊరు దాటాక కాలవ వెడల్పయి, గట్లు దూరమై, కాసేపటికి గట్లే లేకుండా పోయాయి. కిక్కిస గడ్డి మధ్య పడవవాడు గెడ వేస్తుంటే పిట్టలు లేచి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. లంక చేరేసరికి బడి పంచలో తల్లులు కూచుని ఉన్నారు. మగవాళ్ళు కొంచెం అవతల వలలు బాగుచేసుకుంటూ చెవి ఇటు పెట్టారు. నేను కాగితం తీసి, ప్లీడరుగారి ప్రశ్న స్పష్టంగా చదివాను.

తల్లులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చంటిపిల్లని భుజాన వేసుకున్న ఒకామె చివరికి అడిగింది.

"మహమ్మదీయులంటే ఎవరండీ?"

నేను నోరు తెరిచేలోపల వలల దగ్గర నుంచి ఒకాయన అందుకున్నాడు. "కొట్టుకాడ పేపరు చదువుతుంటే విన్నానే. పట్నాల్లో గొడవలు పడతా ఉంటారంట. ఆళ్ళేనా అండీ?"

"అమ్మో, అలాంటోళ్ళు మాకెందుకండీ. ఆడపిల్లలున్న బడి."

"ఆయ్, వద్దండీ. ఏమీ అనుకోకండి."

ఏలూరులో ఎవరూ చెప్పలేని "కాదు" అనే మాట ఇక్కడ అందరూ చెప్పారు. పేరు పేరునా అడిగాను. అసమ్మతము గడి నిండిపోయింది. వాళ్ళతో వాదించి చూశాను. మనుషుల్లో అన్ని రకాలూ ఉంటారని, ఏ కులంలోనయినా అంతేనని. "మీరు చెప్పింది నిజమేనండీ" అన్నారు, జవాబు మార్చలేదు. నాకు కళ్ళముందు రంగూన్ ఓడ కనపడుతోంది.

కాగితం మడిచి పంచలోంచి దిగాను. ఊరి చివర తుమ్మచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలుతిత్తి ఊదుతూ కళాయి సాయిబు కూచుని ఉన్నాడు. ముదినేపల్లి నుంచి వచ్చి ఇత్తడి గిన్నెలకీ బిందెలకీ తగరం కళాయి పూసి వెళుతుంటాడు. పక్కన ఆయన భార్య. ఇందాక ఎవరండీ అని అడిగిన పిల్లతల్లి నాకంటే ముందు అక్కడికి చేరి, ఆ భార్య ఒళ్ళో చంటిదాన్ని పడేసింది.

"పిన్నీ, దీన్ని కాసేపు చూడు. బాబాయ్, నా గిన్నె ముందు పుయ్యవా, పొయ్యిమీద ఎసరు పెట్టొచ్చాను."

"నీకు ఎప్పుడు ఎసరు లేదే తల్లీ" అన్నాడు సాయిబు.

నేను దగ్గరికి వెళ్ళాను. "ఏమ్మా, మరి ఈయనెవరు?" అని అడిగాను.

"మన సాయిబండీ."

"ఈయన మహమ్మదీయుడే కదా."

ఆవిడ మొహం ఎర్రబడింది. "అదేంటండీ, అంత మాటంటారు? ఎవరిచేతా మాట పడని మనిషండీ ఈయన."

నేను సాయిబు వైపు తిరిగి, "నువ్వయినా చెప్పవయ్యా" అన్నాను. ఆయన తిత్తి ఊదడం ఆపకుండానే అన్నాడు. "నన్నయితే అందరూ కళాయి సాయిబనే అంటారమ్మా. కాగితాల్లో ఏమంటారో మీకే తెలియాలి."

పంచలోకి తిరిగొచ్చి మళ్ళీ అందర్నీ పిలిచాను. ఈసారి కాగితం తియ్యలేదు. తాడేపల్లిగూడెంలో ఒక దర్జీ సాయిబుగారున్నారు, కళ్ళు కనపడవు, భర్త పోయిన వాళ్ళమ్మాయి వచ్చి మీ పిల్లలకి కుట్టు నేర్పుతానంటే ఏమంటారని అడిగాను.

"సాయిబుగారమ్మాయా? రమ్మనండీ."

"పెద్దాయన్ని కూడా తీసుకురమ్మనండీ, ఆయన్ని ఎవరు చూత్తారు అక్కడ?"

అందరూ ఒక్కసారే రమ్మన్నారు. నాకు సంతోషించాలో, అనుమానించాలో తెలియలేదు. అందరూ కలిసి కాదన్నప్పుడు ఎంత తొందరపడ్డారో, అవునన్నప్పుడూ అంతే తొందరపడ్డారు. అప్పుడు మూల కూచుని చేపలు తోముతున్న ఒక ముసలావిడ తలెత్తింది. కలిదిండి నుంచి ఎప్పుడో కోడలిగా ఈ లంకకి వచ్చి, ఇప్పుడు ఒంటరిగా ఉంటోందని తర్వాత తెలిసింది.

"రమ్మనండి. నాకూ ఇట్టమే. నా మంచినీళ్ళ కుండ మాత్రం ముట్టుకోకూడదు."

నాకు ఒళ్ళు మండింది. "అదేంటి మామ్మగారూ? అక్కడ కళాయి సాయిబు మీ గిన్నెల్లో చెయ్యి పెట్టి లోపలంతా పులుముతున్నాడు కదా?"

"నిప్పులో కాలాక ఇంకేముందండీ."

"అయితే ఆ పిల్లకి కూడా నిప్పు చూపిస్తారా?"

"మీరు బాగా మాట్లాడతారమ్మా. చదువుకున్నారు కదా. నా కుండ మట్టిదండీ, కాలిస్తే పగిలిపోద్ది. ఆ పిల్లని ఏమీ అనను. కుండ మాట మాత్రం ముందే చెప్తన్నాను, తర్వాత మాటా మాటా రాకుండా."

కలకత్తాలో, మద్రాసులో చదువుకున్న వకీళ్ళతో వాదించి నెగ్గినదాన్ని, ఆవిడకి ఒక దణ్ణం పెట్టి పడవెక్కాను.

ఏలూరులో ప్లీడరుగారు నా కథంతా ఓపిగ్గా విన్నారు. విని, "మీరు సాక్షి నోట్లో జవాబు పెట్టారమ్మా. కళ్ళు కనపడని తండ్రి, వితంతువయిన కూతురు అని ముందే జాలి పుట్టించి అడిగితే ఎవరు కాదంటారు? కోర్టులో అయితే ఆ రెండో జవాబు కొట్టేస్తారు" అన్నారు.

"సాక్షికి తెలియని మాటతో అడిగిన మొదటి ప్రశ్నని కొట్టెయ్యరా మీ కోర్టులో?"

ఆయన కాస్త ఆలోచించి, "కొట్టేస్తారు" అన్నారు. "అయితే మనకి ఏలూరు సమ్మతాలే మిగిలాయి."

"అవి అసలే లెక్కలోకి రావు. అవి నాకు కాఫీతో పాటు ఇచ్చినవి."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఈ ముసలావిడని ఏ గడిలో రాశారు?"

"ఏ గడిలోనూ పట్టలేదండీ. మార్జిన్లో రాశాను."

ప్లీడరుగారు కళ్ళజోడు సర్దుకుని ఆ మార్జిన్ చదివారు. తర్వాత అన్న మాటకి ఆయనంటే ఈనాటికీ నాకు గౌరవం. "అందర్నీ అడిగాం గానీ, ఆ అమ్మాయిని అడగలేదు కదమ్మా. ఇలాంటి ఊళ్ళో, ఇలాంటి మాటల మధ్య ఉండడం ఆవిడకి సమ్మతమో కాదో. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవిడ సరే అంటే నేను ఉత్తర్వు రాస్తాను."

మర్నాడే రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఆ అమ్మాయి కొట్టు వెనక గదిలో ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. సాయిబు బాబాయి గుమ్మంలో కూచుని, వేళ్ళతో తడిమి పాత గుండీలను సైజుల వారీగా వేరుచేస్తున్నాడు. నేను ఏదీ దాచలేదు. ఏలూరు ఏమందో, లంక మొదట ఏమందో, తర్వాత ఏమందో, మామ్మ కుండ గురించి ఏమందో అంతా చెప్పాను. చెపుతూ చెపుతూ నాకే మళ్ళీ కోపం వచ్చింది.

ఆ అమ్మాయి దారం కొరికి, "ఏలూరులో అందరూ ఒప్పుకున్నారాండీ?" అని అడిగింది.

"అందరూ."

"మంచిదయింది, ఉద్యోగం ఏలూరులో కాదు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"అక్కయ్యగారూ, నాకో సాయం చెయ్యండి. ఆ మామ్మగారి పక్కనే మాకు ఇల్లు చూడండి."

"నీకు రోషం లేదుటే? అంత మాటన్న మనిషి పక్కన ఉంటావా?"

"రోషం ఉంది కాబట్టేనండీ. ఏది ముట్టుకోకూడదో ఆవిడ చెప్పేసింది. ఆవిడింట్లో నాకు భయం లేదు. మిగతా ఇళ్ళల్లో ఏది ముట్టుకోకూడదో నేను ముట్టుకున్నాక గానీ తెలీదు. అప్పుడు వాళ్ళు ఏమీ అనరు కూడా. గిన్నె మళ్ళీ తోముకుంటారు, అంతే. అది చూడ్డమే కష్టమండీ."

ఈ మాట అంటూ ఆవిడ తల వంచుకుని తర్వాతి కాజా మొదలుపెట్టింది. ఆ తోమడం ఎన్ని గుమ్మాల్లో చూసిందో నేను అడగలేదు. మా అమ్మ ఇంటి గుమ్మం వాళ్ళ కొట్టుకి ఎంతో దూరంలో లేదు.

సాయిబు బాబాయి గుండీల మీదనుంచి చెయ్యి తియ్యకుండా, "అమ్మాయిగారూ, అక్కడికి ఓడెక్కాలా?" అన్నాడు.

"పడవ బాబాయ్. చిన్న పడవ."

"పడవయితే ఫరవాలేదు. ఒడ్డు కనపడకపోయినా వినపడుతుంది. ఒడ్డు మీద మాట్లాడేది తెలుగే కదా."

నేను కొంగుతో మొహం తుడుచుకుని, ఉక్కగా ఉందని ఒక మాట అనేశాను.

ప్లీడరుగారు అన్నమాట ప్రకారం ఉత్తర్వు రాశారు. పిల్లల క్షేమం పేరు చెప్పి సంఘంలో ఒకరిద్దరు గొణిగారు. సమ్మతము గడిలో సంతకాలు పెట్టిన ఇళ్ళవాళ్ళే. ప్లీడరుగారు మెత్తగా ఆ కాగితం తీసి వాళ్ళ సంతకాలు వాళ్ళకి చూపించారు. ఆ కాగితం చేసిన మేలు ఏదయినా ఉంటే అదొక్కటే.

వానలు తగ్గుముఖం పట్టాక వాళ్ళని లంకకి నేనే తీసుకెళ్ళాను. గోనెపట్టాలో చుట్టిన మిషను పడవ మధ్యలో, దాన్ని రెండు చేతులా పట్టుకుని సాయిబు బాబాయి. ఆ అమ్మాయి ఒడ్డు దగ్గర పడుతున్నకొద్దీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. రేవులో పిల్లలు, తల్లులు ఉన్నారు. రమ్మనండీ అని అంత గట్టిగా అన్నవాళ్ళంతా ఇప్పుడు సిగ్గుపడుతూ దూరంగా నిలబడి చూస్తున్నారు.

ముసలావిడ చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది. వచ్చి సాయిబు బాబాయి మోచెయ్యి పట్టుకుంది.

"ఇటు అన్నయ్యా. అక్కడ బురద. ఇక్కడ రాయి ఉంది, కాలు మోపు."

"ఎవరమ్మా నువ్వు?"

"నీ పక్కింటిదాన్ని. మెల్లిగా దిగు, తొందరేం లేదు."

అప్పుడిక తల్లులు కదిలారు. ఒకళ్ళు మూట అందుకున్నారు, ఇద్దరు మగవాళ్ళు మిషను ఎత్తారు. ఆ అమ్మాయి ఒక్కతే పడవలో నిలబడి తండ్రి పాదాలు రాతిమీద ఆనేదాకా చూసి, తర్వాత దిగింది.

ఏలూరు తిరిగి రాగానే ప్లీడరుగారు ఆత్రంగా అడిగారు, "ఊరివాళ్ళు ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదండీ. దింపుకున్నారు."

కుండ సంగతి మాత్రం మారలేదు. కథల్లోలాగా మారితే బాగుండునని నాకూ ఉంది, కానీ మారలేదు. మరుసటి ఏడాది వెళ్ళినప్పుడు చూశాను. తెల్లవారగానే ముసలావిడ మంచినీళ్ళు మోసుకొచ్చి, తన ఇంట్లోకి వెళ్ళకముందే పక్కింటి గుమ్మం దగ్గర ఆగుతుంది. ఎవరూ తన కుండ ముట్టనవసరం లేకుండా వాళ్ళ కుండ తనే నింపుతుంది. ఆ అమ్మాయి బడికి తయారవుతుంటుంది కనక సాయిబు బాబాయే తమ కుండ అంచు రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో కూచుంటాడు. నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆవిడ ఆయనకి కొల్లేటి కబుర్లు చెపుతుంది. నీరు ఎంత తీసిందో, ఏ పిట్టలు దిగాయో, ఎవరి వలలో ఏం పడిందో. నాకు అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. అరుగుమీద కూచుని ఊరుకున్నాను.

"చాలా అన్నయ్యా?" అంది ముసలావిడ.

ఆయన వేళ్ళతో కుండ లోపల నీటి మట్టం తడిమి చూసుకున్నాడు.

"ఇంకొంచెం పొయ్యి చెల్లెమ్మా" అన్నాడు. "ఆ పిట్టల సంగతి పూర్తిగా చెప్పనేలేదు."